పెల్లెట్లు దొరకవన్న మెసేజ్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి

2025 మేలో విశాఖలో సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ జరిగిన వారం మా షూటింగ్ పిల్లల పేరెంట్స్ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. యుద్ధం వస్తే దిగుమతులు ఆగిపోతాయట, పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుళ్లు, కావలసినవాళ్లు ఇప్పుడే కొనేసుకోవాలట. మొదట ఎవరు రాశారో, ఎక్కడ విన్నారో ఎవరికీ తెలియదు. రాత్రికల్లా గ్రూపులో సగం మంది డీలర్లకు ఫోన్లు చేశారు. నెలకు మూడు డబ్బాలు వాడే పిల్లల ఇళ్లవాళ్లు పదేసి, పదిహేనేసి ఆర్డరు పెట్టారు. మర్నాడు పొద్దున్న ఫోన్ చేసినవాళ్లకు ‘స్టాక్ లేదండీ’ అని జవాబు వచ్చింది. దాంతో మెసేజ్ నిజమేనని మిగతావాళ్లు కూడా నమ్మేశారు.

నాకు కంచరపాలెంలో కిరాణా కొట్టుంది. మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూట్ చేస్తుంది. కొట్లో సరుకు లెక్క చూసుకునే అలవాటు ఉంది కదా అని గ్రూపులో పెల్లెట్ల లెక్క కూడా నాకే అప్పగించారు. జనం గాబరా కౌంటరు ఇవతల నుంచి ఎలా కనిపిస్తుందో నాకు బాగా తెలుసు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన రోజుల్లో ఉప్పు అయిపోతోందని పుకారు లేచింది. మాది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, పైన నౌపడలో ఉప్పుమళ్లు. అయినా కిలో ప్యాకెట్టు కొనేవాళ్లు ఐదేసి ప్యాకెట్లు సంచిలో వేసుకుని పోయారు. ఆ తర్వాత చాలా రోజులు మా కొట్లో ఉప్పు అడిగిన నాథుడు లేడు. ఉప్పు తక్కువ పడలేదు. అందరూ మూడు నెలల్లో కొనేది ఒక్క సాయంత్రం కొన్నారు, అంతే.

పెల్లెట్లదీ ఇదే కథ. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ముప్ఫై మంది పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు మూడు డబ్బాలు, అంటే నెలకు 90 డబ్బాలు. డీలరు దగ్గర 120 ఉన్నాయనుకుందాం. మామూలు నెలలో అందరికీ సరిపోయి ముప్ఫై మిగులుతాయి. భయంతో ఒక్కొక్కరు ఎనిమిదేసి కొంటే మొదటి పదిహేను మందితోనే సరుకు ఖాళీ. మిగతా పదిహేను మంది పిల్లలకు ఒక్క డబ్బా కూడా ఉండదు. ఫ్యాక్టరీ ఆగలేదు, ఓడ మునగలేదు, కస్టమ్స్‌లో ఏమీ ఇరుక్కోలేదు. అయినా కొరత వచ్చేసింది.

అందుకని మళ్లీ అలాంటి మెసేజ్ వస్తే ఏ పని ముందు చెయ్యాలో, ఏది మానెయ్యాలో రాస్తున్నాను. ఇది ఎక్కువగా ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ పిల్లల ఇళ్లకు పనికొస్తుంది. పాయింట్ టూటూ (.22 తూటాల రైఫిల్) వాళ్ల సంగతి చివర్లో విడిగా చెప్తాను.

ముందు ఇంట్లో ఉన్నది లెక్కపెట్టండి

డీలరుకు ఫోన్ చేసే ముందు బీరువా తియ్యండి. ‘మీ పాప నెలకు ఎన్ని పెల్లెట్లు కాలుస్తుంది?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పే తల్లిదండ్రులు చాలా తక్కువ. అది తెలియనివాళ్లే ఎక్కువ భయపడతారు, ఎక్కువ కొంటారు.

లెక్కకు పెద్ద విద్య అక్కర్లేదు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఆ రోజు కాల్చినవి, మిగిలినవి రాస్తే చాలు. రైఫిల్‌కు వాడే మ్యాచ్ పెల్లెట్ ఒక్కోటి సుమారు 0.53 గ్రాములు ఉంటుంది. 500 ఉన్న డబ్బాలో సీసం బరువు 265 గ్రాములన్న మాట. సగం వాడిన డబ్బాలో ఎన్ని మిగిలాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టకండి. ఖాళీ డబ్బా బరువు ఒకసారి చూసి మూత మీద రాసుకోండి. ఆ తర్వాత డబ్బా బరువులోంచి దాన్ని తీసేస్తే, వంద గ్రాములకు సుమారు 188 పెల్లెట్లు. పిస్టల్ పెల్లెట్లు తేలిక, చాలావరకు 0.45 గ్రాముల దగ్గర ఉంటాయి కాబట్టి ఆ లెక్క వేరు. ఒక మాట: వంటింట్లో పిండి తూచే కాటా మీద సీసం పెట్టకండి. దీనికి వేరే చిన్న కాటా కొనండి. నేనైతే కొట్లో కాటా దగ్గరకు ఆ డబ్బాను రానివ్వను.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. వారానికి ఐదు రోజులు, రోజుకు 80 షాట్లు అంటే వారానికి 400, నాలుగు వారాలకు 1,600. మూడు డబ్బాలు దాటి కొంచెం. నెలలో ఒకటి రెండు మ్యాచ్‌లు ఉంటే వాటికి 60 షాట్లు, పైన సైటర్లు, అంటే లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు. మొత్తం నాలుగు డబ్బాలనుకోండి. మీ పిల్లల అంకె ఇంతకంటే తక్కువే ఉండొచ్చు. స్కూలు పరీక్షల నెలల్లో సగానికి పడిపోతుంది. అది కూడా రాసుకోండి, ఎందుకంటే ఫిబ్రవరి, మార్చిలలో అందరూ తక్కువ కాలుస్తారు, అప్పుడు కొనడం తేలిక.

ఈ లెక్క చేతిలో ఉంటే మెసేజ్ వచ్చిన రాత్రి మీకు టెన్షన్ ఉండదు. ‘మా దగ్గర ఐదు డబ్బాలున్నాయి, ఐదు వారాల పైన వస్తాయి’ అని తెలుస్తుంది. అప్పుడు ఆ రాత్రి ఏమీ కొనక్కర్లేదు.

కొరత నిజమేనా, ఎలా తెలుసుకోవాలి

మన పిల్లలు వాడే మ్యాచ్ పెల్లెట్లు ఎక్కువగా బయటి దేశాలవి. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ జర్మనీవి, జేఎస్‌బీ చెక్ రిపబ్లిక్‌ది, చియాంగ్ యువాన్ చైనాది. ఇవి దిగుమతిదారు దగ్గరకు పెద్ద కన్‌సైన్‌మెంట్లుగా వస్తాయి. అక్కణ్నుంచి డీలర్లకు, డీలరు నుంచి కొరియరులో విశాఖకు. అందువల్ల రెండు కన్‌సైన్‌మెంట్ల మధ్య కొన్ని రోజులు ఖాళీ రావడం ఎప్పుడూ ఉండేదే. దాన్ని కొరత అనుకోకూడదు.

డీలరుతో మాట్లాడేటప్పుడు ‘ఉన్నాయా, లేవా’ అని అడిగి ఫోన్ పెట్టెయ్యకండి. ఏ బ్రాండు లేదు, ఏ హెడ్ సైజు (పెల్లెట్ ముందు భాగం వెడల్పు, మిల్లీమీటర్లలో) లేదు అని అడగండి. చాలాసార్లు లేనిది 4.49 హెడ్ సైజు ఒక్కటే. 4.50 షెల్ఫ్ మీదే ఉంటుంది. తర్వాతి సరుకు బుక్ అయిందా, దారిలో ఉందా, అసలు ఆర్డరే పెట్టలేదా అని అడగండి. ఈ వారం మామూలు కంటే ఎన్ని రెట్లు అమ్మారో కూడా అడగండి. ‘అమ్మా, నెల రోజులకు పెట్టుకున్న సరుకు మూడు రోజుల్లో పోయింది’ అని ఆయన చెప్తే అది మన గాబరా వల్ల వచ్చిన కొరతే. గాబరా తగ్గాక అదే సర్దుకుంటుంది. దిగుమతే ఆగిందంటే అది వేరే విషయం, అప్పుడు కింద రాసిన పొదుపు మొదలుపెట్టాలి.

యుద్ధం వార్తలకు, పెల్లెట్లకు సంబంధం ఎంతో కూడా తెలిసి ఉండాలి. పెల్లెట్‌లో మందు ఉండదు, ఆ మందును అంటించే ప్రైమర్ ఉండదు. అది వట్టి సీసం ముక్క, గాలి ఒత్తిడితో పోతుంది. తూటాల మందు (పౌడర్) తయారీకి కావలసిన నైట్రోసెల్యులోజ్‌కు 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక గిరాకీ పెరిగింది, పౌడర్ ధరలు పెరిగాయి. అది తూటాల వాళ్ల తలనొప్పి. రవాణా ఆలస్యమైతే మనకూ ఆలస్యమవుతుంది కానీ, ఫిరంగి గుండ్లకు, మన పిల్లల డబ్బాలకు ముడిసరుకు పోటీ లేదు.

అమెరికాలో ఏం జరిగిందంటే

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు, సరదాగా రేంజికి వెళ్తాడు. ఈ గాబరా కొనుగోళ్ల గురించి వాడు చెప్పినవి విన్నాక నాకు ఉప్పు గొడవే నయమనిపించింది. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లో శాండీ హుక్ స్కూలులో కాల్పులు జరిగాయి. తుపాకుల మీద కొత్త ఆంక్షలు వస్తాయన్న భయంతో జనం తూటాల మీద పడ్డారు. 2013 జనవరిలో వాల్‌మార్ట్ మనిషికి రోజుకు మూడు పెట్టెలే అని పరిమితి పెట్టింది. అన్నిటికంటే చవకైన, పిల్లలు కూడా నేర్చుకోవడానికి వాడే పాయింట్ టూటూ తూటాలు రెండు మూడేళ్ల పాటు సరిగ్గా దొరకలేదు. లారీ వచ్చే టైముకు షాపు ముందు నిలబడి, కొని, బయట ఎక్కువ రేటుకు అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. 2016 నవంబరు ఎన్నికల తర్వాత ఆంక్షల భయం పోయింది, గిరాకీ పడిపోయింది, ధరలు దిగాయి. గరాజులు నింపుకున్నవాళ్ల సరుకు గరాజులోనే ఉంది.

2020లో మళ్లీ అదే. కోవిడ్, ఆందోళనలు, ఎన్నికలు అన్నీ ఒకే ఏడాది వచ్చాయి. ఆ ఏడాది తుపాకుల కొనుగోళ్లకు సంబంధించి ఎఫ్‌బీఐ దగ్గర జరిగిన తనిఖీలు దాదాపు 4 కోట్లు. ఖాళీ తూటా కేసుల్లో మళ్లీ మందు నింపుకుని వాడుకునేవాళ్లు అక్కడ చాలామంది. రీలోడింగ్ అంటారు. ఇత్తడి కేసు మళ్లీ మళ్లీ పనికొస్తుంది, కానీ ప్రతిసారీ కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ కావాలి. దుకాణంలో తూటాలు లేకపోతే మేం సొంతంగా చేసుకుంటాం అనుకున్నవాళ్లకు ప్రైమర్లే దొరకలేదు. అమెరికాలో ప్రైమర్లు చేసే పెద్ద పేర్లు నాలుగే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. అందులో రెమింగ్టన్ 2020 జులైలో దివాలా పిటిషన్ వేసింది. దాని తూటాల వ్యాపారాన్ని సీసీఐ, ఫెడరల్‌ల అప్పటి యజమాని అయిన విస్టా కంపెనీయే 8.14 కోట్ల డాలర్లకు కొనేసింది. తూటాల కంపెనీలకు ప్రైమర్ తమ తూటాలకే ముందు కావాలి. విడిగా అమ్మడానికి మిగిలింది తక్కువ. వెయ్యి ప్రైమర్లు 30, 40 డాలర్లకు కొన్న చోట మూడు నాలుగు రెట్లు అడిగారని మా వాడు చెప్పాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన గ్రూపులో ఒకాయన ‘ఇక్కడ కూడా ఇంట్లో రీలోడింగ్ చేసుకోవచ్చు కదా’ అని వీడియో పెట్టారు. కుదరదు. మన దేశంలో తూటాల తయారీకి ఆయుధాల చట్టం, 1959 కింద వేరే లైసెన్సు ఉండాలి. షూటింగ్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో మందు నింపడానికి హక్కు రాదు. పైగా పిల్లలు వాడే పాయింట్ టూటూ రిమ్‌ఫైర్ తూటాలో పేలే రసాయనం కేసు అంచులోనే ఉంటుంది, ఒకసారి కాల్చాక దాన్ని మళ్లీ నింపే పద్ధతి లేదు. పెల్లెట్‌కైతే నింపడానికే ఏమీ లేదు. కాల్చిన పెల్లెట్లను ట్రాప్‌లోంచి (టార్గెట్ వెనక వాటిని ఆపే పెట్టెలోంచి) ఏరి మళ్లీ వాడే పిల్లల్ని మాత్రం చూశాను. అవి సొట్టపోయి ఉంటాయి, గురి ఉండదు, బ్యారెల్‌లో ఇరుక్కుంటాయి. వాటిని పాత సీసంగా అమ్మెయ్యండి.

ఎంత నిల్వ, ఎక్కడ

నా సలహా రెండు నెలల ఖర్చు. అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి, అంతకంటే బాగా తక్కువకు జారనివ్వకండి. నెలకు నాలుగు డబ్బాలు వాడే ఇంట్లో ఎనిమిది. ఐదుకు దిగగానే ఆర్డరు పెట్టండి, ఒకటికి దిగాక కాదు. ఆర్డరు నుంచి విశాఖలో చేతికి వచ్చేదాకా మామూలుగా పది రోజులు పట్టినా, సరుకు లేని కాలంలో నెల పైన పడుతుంది. ఐదు డబ్బాలుంటే ఆ నెలను దాటేస్తారు. ఇలా కొనే ఇంటికి పుకారు వచ్చినా చెయ్యాల్సిన పని ఉండదు. కొట్లో పంచదార బస్తా విషయంలో నేను చేసేది కూడా ఇంతే: చివరి బస్తా విప్పకముందే ఫోన్ చేస్తాను.

ఎక్కువ ఎందుకు పెట్టుకోకూడదంటే, డబ్బు సంగతి ఒక పక్క, మన ఊరి గాలి ఇంకో పక్క. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. సీసం ఇనుములా తుప్పు పట్టదు కానీ, తేమ గాలికి నల్లబడుతుంది, మరీ వదిలేస్తే తెల్లటి పొడి పూస్తుంది. ఆ పొడి విషం. అలాంటి పెల్లెట్లను తుడిచి వాడదాం అనుకోవద్దు, పక్కన పడెయ్యండి. ఎవరో గాబరాలో నలభై డబ్బాలు కొని అటక మీద పడేస్తే, రెండు వానాకాలాలు గడిచేసరికి అందులో ఎన్ని బాగుంటాయో దేవుడికే తెలియాలి.

డబ్బా మూత చుట్టూ ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు వెయ్యండి. డబ్బాలన్నీ రబ్బరు సీల్ ఉన్న గట్టి మూత ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, అందులో సిలికా జెల్ సంచులు వెయ్యండి. తేమ పట్టగానే రంగు మారే గింజలైతే మంచిది. రంగు మారాక ప్యాకెట్ మీద రాసినట్టు వేడి చేస్తే మళ్లీ పని చేస్తాయి. పెట్టె బాల్కనీలో వద్దు, ఫ్రిజ్‌లో అసలే వద్దు. ఫ్రిజ్‌లోంచి తియ్యగానే మన ఉక్కకు చెమట పట్టేస్తుంది. వంటింట్లోనూ వద్దు. పడకగది బీరువా కింది అర చాలు. కింది అర అని ఎందుకంటే, డబ్బా చేతిలోంచి జారి పడితే పెల్లెట్ల వెనక అంచు, పిల్లలు స్కర్ట్ అంటారు, వంకరపోతుంది. లోపల పైన ఉండే స్పాంజ్ ముక్కను పారెయ్యకండి, అది అందుకే ఇస్తారు. కొరియరులో తెప్పించేటప్పుడు కూడా గట్టిగా ప్యాక్ చెయ్యమని చెప్పండి. ఎనిమిది డబ్బాలంటే సీసమే రెండు కిలోల పైన, అట్టపెట్టె ఆగదు.

సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి, రేంజిలో బిస్కెట్లు తినకూడదు. ఇది కొరతకు సంబంధించింది కాదు, కానీ ప్రతి సందర్భంలోనూ చెప్తూనే ఉంటాను.

డబ్బాలు తగ్గుతున్నప్పుడు ప్రాక్టీసు

నిజంగానే సరుకు రావడం లేదనుకోండి. అప్పుడు ప్రాక్టీసు ఆపకండి, కాల్చే పెల్లెట్లు తగ్గించండి. ఈ రెండూ ఒకటి కాదని కోచ్ సర్ పిల్లలకు ఎన్నిసార్లో చెప్తారు. ఇప్పటి మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లలో డ్రై ఫైరింగ్ ఏర్పాటు ఉంటుంది. పెల్లెట్ లేకుండా, గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రం అసలు షాట్‌లాగే పడుతుంది. నిలబడటం, ఊపిరి, గురి, ట్రిగ్గర్, ఆ తర్వాత కదలకుండా ఉండటం, అన్నీ దీంతో సాధన చెయ్యవచ్చు. స్కాట్ లాంటి ట్రైనర్ పరికరం క్లబ్బులో ఉంటే గురి ఎటు కదిలిందో తెర మీద కనిపిస్తుంది. జాగ్రత్త ఒకటి: పాత తరహా స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా కాల్చకూడదు. పిస్టన్ వేగంగా వచ్చి గుద్దుకుని సీల్, స్ప్రింగ్ పాడవుతాయి. మీ పిల్లల దగ్గర ఏ రకం ఉందో తెలియకపోతే కోచ్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

మా అమ్మాయి కరువు రోజుల్లో 80 షాట్ల చోట 25 కాలుస్తుంది. వాటికి ముందు చాలాసేపు డ్రై ఫైరింగ్. మొదట నాకు ఇది పొదుపు కోసం చేసే సర్దుబాటులా అనిపించేది. చూస్తూ ఉంటే, డబ్బా నిండా ఉన్న రోజుల్లో ఆ పిల్ల వరసగా పట్‌పట్‌మని కాల్చేస్తుంది, ఇరవై ఐదే ఉన్నాయంటే ఒక్కోదానికి కుదురుగా నిలబడుతుంది.

సైటర్ల దగ్గర పెల్లెట్లు ఎక్కువ పోతాయి. మ్యాచ్‌లో మొదటి 15 నిమిషాల్లో ఎన్ని సైటర్లైనా కాల్చుకోవచ్చు, అందుకని పిల్లలు ముప్ఫై నలభై వదులుతారు. ప్రాక్టీసులో పదికి మించవద్దని చెప్పండి.

ఇంట్లో ఉన్న డబ్బాల్ని రెండుగా విడగొట్టండి. బాగా గ్రూపయ్యే (దగ్గర దగ్గరగా తగిలే) లాట్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి, మ్యాచ్‌కు, దానికి ముందు వారానికి. చవక రకాలు మామూలు రోజులకు. టార్గెట్ తీసేసి తెల్ల అట్ట మీద కాల్చే సాధనకు ఖరీదైన పెల్లెట్ ఎందుకు?

బ్రాండు మార్చాల్సి వస్తే

ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెల్లెట్ వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. స్కోరులో 10.4కు, 10.7కు తేడా వెంట్రుకవాసి. ఒకే బ్రాండులో కూడా లాట్ మారితే మీ బ్యారెల్‌కు పడొచ్చు, పడకపోవచ్చు. కాబట్టి దొరికింది కదా అని తెలియని రకం పది డబ్బాలు తీసుకోవద్దు. ఒక డబ్బా, లేదా ఇంకో పేరెంట్ దగ్గర పాతిక పెల్లెట్లు తెచ్చుకుని చూడండి.

రైఫిల్‌ను వైస్‌లో కానీ, ఇసుక సంచుల మీద కానీ కదలకుండా ఆనించి, పది మీటర్ల దూరంలో ఒక్కో అట్ట మీద ఐదేసి కాల్చమనండి. కొత్త రకంతో మొదటి కొన్ని లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ అలవాటు పడాలి. తర్వాత పాత రకం అట్టల్ని, కొత్త రకం అట్టల్ని పక్కపక్కన పెడితే కళ్లకే తెలుస్తుంది. ఐదూ ఒకే చిల్లులా కలిసిపోతే పనికొస్తుంది. ఒకటి విడిగా పక్కకు పోతూ ఉంటే ఆ రకాన్ని ప్రాక్టీసుకు ఉంచండి. గ్రూపు బాగుండి చోటు మారితే కంగారు లేదు, సైట్ తిప్పుకుంటే సరిపోతుంది. అట్ట వెనక బ్రాండు, హెడ్ సైజు, లాట్ నంబరు రాసి దాచండి. మ్యాచ్ వారంలో మాత్రం ఏదీ మార్చవద్దు, పిల్లల మనసు పెల్లెట్ మీదికి పోతుంది.

రేట్లు, మోసాలు

కొరత మాట పుట్టగానే ‘నా దగ్గర ఉన్నాయి, అడ్వాన్స్ పంపండి’ అనేవాళ్లు బయల్దేరతారు. మా గ్రూపులో ఒకరికి ఒక అమ్మకందారు మామూలు రేటుకు రెట్టింపు చెప్పి, డబ్బు వేయించుకుని, మూత టేపు ఊడిన డబ్బాలు పంపాడు. లోపల రెండు రకాల పెల్లెట్లు కలిపి ఉన్నాయి. కొత్త మనిషి దగ్గర కొంటే డబ్బా సీల్, వెనక ఉన్న లాట్ నంబరు కనిపించేలా ఫోటో అడగండి, బిల్లు ఇస్తారా అని అడగండి. బిల్లు మాట ఎత్తగానే ఫోన్ కట్ చేసేవాళ్లతో మనకు పని లేదు. శక్తి ఇరవై జూల్స్‌కు మించని .177 (నాలుగున్నర మిల్లీమీటర్ల) ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయినా రైఫిల్ బిల్లు, పెల్లెట్ల బిల్లు దాచుకోండి. ప్రయాణంలో ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటాయి.

రెట్టింపు రేటుకు కొనాలా? మ్యాచ్ పది రోజుల్లో ఉండి, ఇంట్లో వంద పెల్లెట్లు కూడా లేకపోతే ఒక్క డబ్బా కొనండి. అప్పుడు కూడా ముందు గ్రూపులో అడగండి. చేబదులు ఇచ్చేవాళ్లు ఉంటారు. మా దగ్గర దీనికి ఒక పుస్తకం ఉంది: ఎవరు ఎవరికి ఏ బ్రాండు, ఏ సైజు ఎన్ని డబ్బాలు ఇచ్చారో రాసి ఇద్దరూ సంతకం పెడతారు. తిరిగి ఇచ్చేది డబ్బు కాదు, అదే సైజు డబ్బా. డబ్బు అయితే రేటు దగ్గర గొడవ వస్తుంది.

పాయింట్ టూటూ పిల్లల ఇళ్లకు

ఇక్కడ చేబదుళ్లు వద్దు. తూటాలు లైసెన్సు సరుకు. మీ లైసెన్సులో ఎన్నింటికి అనుమతి ఉందో అన్నే, లైసెన్సున్న డీలరు దగ్గరే, పుస్తకంలో ఎంట్రీ వేయించుకునే కొనాలి. పక్కింటి అబ్బాయికి ఒక పెట్టె ఇవ్వడం స్నేహం కావచ్చు, చట్టం దాన్ని అలా చూడదు. క్లబ్బు ద్వారా, రైఫిల్ అసోసియేషన్ ద్వారా వచ్చే కోటా ఏదైనా ఉంటే దాని కాగితాలు ముందుగానే పెట్టుకోండి. కొరత వచ్చాక అందరూ ఒకేసారి పెడతారు.

విదేశాల నుంచి వచ్చే చుట్టాలను ‘రెండు పెట్టెలు తెండి’ అని ఎప్పుడూ అడగవద్దు. అలాగే విమానం ఎక్కే ముందు పిల్లల రేంజ్ బ్యాగు జేబులన్నీ తిరగేసి చూడండి. మూలన మిగిలిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపిస్తే ఫ్లైటు పోతుంది, పోలీసు కేసు కూడా అవుతుంది. రేంజికి ఒక బ్యాగు, ప్రయాణానికి వేరే బ్యాగు పెట్టుకోవడం ఉత్తమం. మ్యాచ్‌కు రైఫిల్, తూటాలు తీసుకెళ్లేవాళ్లు ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పి, వాళ్లు అడిగిన కాగితాలతో త్వరగా వెళ్లండి.

సరుకు వచ్చిన రోజు

డీలరు ఫోన్ చేసి ‘వచ్చాయండీ’ అన్న రోజు మళ్లీ అదే తొక్కిసలాట మొదలవుతుంది. ఆ రోజుకు క్లబ్బులో ముందే ఒక వరస అనుకుని ఉండాలి. మా వరస ఇది. రాబోయే నెలలో స్టేట్ మ్యాచ్ ఉన్న పిల్లలకు మొదట, ఒక్కొక్కరికి రెండు డబ్బాలు. తర్వాత ఇంట్లో ఒక డబ్బా కూడా లేనివాళ్లకు ఒక్కోటి. తర్వాత చేబదుళ్లు తీర్చాల్సినవాళ్లకు. అందరూ తమ నోట్‌బుక్ చూపించాలి. ఎంత ఉందో చెప్పనివాళ్లు చివర. దీనికి ముగ్గురు అలిగారు, ఇద్దరు డాక్టర్లు, ఒక కాంట్రాక్టరు. అలిగితే అలిగారు, పుస్తకం నా దగ్గరే ఉంది.

వచ్చిన డబ్బాల లాట్ నంబర్లు రాసుకుని, ఒక్కో లాట్ నుంచి ఒకటి విప్పి అట్ట మీద చూసేదాకా తర్వాతి ఆర్డరు పెట్టకండి. అది బాగుంటే డీలరుకు ఫోన్ చేసి ‘ఇదే లాట్‌లో మా గ్రూపుకు వచ్చే నెలకు ఇన్ని’ అని అంకె చెప్పండి. ముప్ఫై ఇళ్ల నుంచి ముప్ఫై ఫోన్లు వెళ్లకుండా ఒకరే ఒక అంకె చెప్తే, ఆయన కూడా దిగుమతిదారుకు అదే అంకె చెప్పగలడు.